సుడో అడక్కుండా కంటైనర్ నడపడం ఎలా

మొన్న రాత్రి పదిన్నరకి జూనియర్ తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అక్కా, ల్యాబ్ సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ కంటైనర్ పెట్టుకోవాలి, సార్‌ని సుడో అడిగితే ఇవ్వనన్నారు, కనీసం డాకర్ గ్రూపులో అయినా వేయమంటే దానికీ ఒప్పుకోలేదు, సోమవారం రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉందక్కా" అని ఒక్క గుక్కలో చెప్పేశాడు. సార్ చేసింది నూటికి నూరు పాళ్లూ కరెక్టేరా, పైగా నీ పనికి సుడో అక్కర్లేదు అన్నాను. తర్వాత గంటసేపు మాట్లాడుకున్నదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే ఈ ఏడాదిలో ఇదే ప్రశ్న నన్ను అడిగిన నాలుగో మనిషి వాడు. కొత్తవాళ్ల కోసం: రూట్ అంటే లినక్స్ మెషీన్ మీద సర్వాధికారాలూ ఉన్న యూజర్, సుడో అంటే ఆ అధికారంతో కమాండ్లు నడిపే అనుమతి, కంటైనర్ అంటే ఒక ప్రోగ్రామునీ దానికి కావాల్సినవన్నీ కలిపి మిగతా సిస్టమ్‌కి వేరుగా నడిపే పెట్టె, డాకర్ అలాంటి పెట్టెల్ని నడిపే ప్రోగ్రాము, పోస్ట్‌గ్రెస్ ఒక డేటాబేస్. కమాండ్లు కూడా తెలుగులోనే రాస్తున్నాను, టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

ముందు డాకర్ గ్రూపు సంగతి. అది సుడో కాదు కదా, చిన్న పర్మిషనే కదా అనుకుంటారు చాలామంది. కాదు. మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన డాకర్‌లో డీమన్, అంటే వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రాము, రూట్‌గా నడుస్తుంది. మనం కొట్టే డాకర్ కమాండ్ ఒక సాకెట్ (ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) ద్వారా ఆ డీమన్‌కి "ఈ పని చేసి పెట్టు" అని చెబుతుంది, అంతే. ఆ సాకెట్‌తో మాట్లాడే హక్కే డాకర్ గ్రూపు. ఆ గ్రూపులో ఉన్నవాడు మెషీన్ రూట్ డైరెక్టరీని, అంటే ఒట్టి స్లాష్‌ని, కంటైనర్‌లోకి మౌంట్ చేయమంటే, అంటే లోపల కనిపించేలా కలపమంటే, డీమన్ మారు మాట్లాడకుండా చేసి పెడుతుంది. లోపల వాడు రూట్. పాస్‌వర్డ్‌ల వివరాలుండే షాడో ఫైలు చదవొచ్చు, సుడో ఎవరికుందో రాసి ఉండే సుడోయర్స్‌లో తన పేరు రాసుకోవచ్చు, ఎవరి హోమ్ అయినా తెరవొచ్చు. పాస్‌వర్డ్ అడగదు, సుడో లాగ్‌లోనూ ఎక్కదు. ఈ గ్రూపు ఇస్తే రూట్ అధికారాలు ఇచ్చినట్టేనని డాకర్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంటుంది, కానీ ఇన్‌స్టాల్ చేసే హడావిడిలో దాన్ని చదివేవాళ్లు తక్కువ.

నేను ఇదివరకు పనిచేసిన ఒక ల్యాబ్‌లో అందరినీ ఆ గ్రూపులో వేసేశారు. ఒకతను తన పాత అవుట్‌పుట్ తుడిచే స్క్రిప్టు కంటైనర్‌లో నడుపుతూ మౌంట్ దగ్గర ఒక ఫోల్డర్ పేరు మర్చిపోయాడు. తన డైరెక్టరీ బదులు దాని పై డైరెక్టరీ లోపలికి వెళ్లింది, అంటే మా అందరి డేటా. కంటైనర్‌లోని రూట్ అసలైన రూటే కాబట్టి కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఎక్కడా అడ్డు చెప్పలేదు. పక్క సీట్లో ఉండే అమ్మాయి ఆరు వారాల రన్‌లు పోయాయి, బ్యాకప్ లేదు. అతనేమీ చెడ్డవాడు కాదు, ఒక్క పదం మర్చిపోయాడంతే. అదే స్క్రిప్టు అతని మామూలు యూజర్‌గా నడిచి ఉంటే పక్కవాళ్ల ఫోల్డర్ దగ్గర "పర్మిషన్ డినైడ్" అని ఆగిపోయేది. ఆ రోజు ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా ఖాళీ డైరెక్టరీని మళ్లీ మళ్లీ ఎల్ఎస్ కొట్టి చూసుకోవడం నాకింకా కళ్ల ముందే ఉంది. అందుకే ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదించడానికి సిద్ధం.

మరి దారేంటి అంటే, పాడ్‌మ్యాన్, డాకర్‌లాగే కంటైనర్లు నడిపే ఇంకో ప్రోగ్రాము. రెడ్ హ్యాట్ వాళ్లు మొదలుపెట్టారు, 1.0 వెర్షన్ 2019 జనవరిలో వచ్చింది, అదే ఏడాది వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో డాకర్ స్థానంలో దీన్నే పెట్టారు. దీనికి రూట్‌గా నడిచే డీమన్ ఏదీ లేదు, మనం కమాండ్ కొడితే కంటైనర్ మన ప్రాసెస్‌లాగే, మన యూజర్ కిందే పుడుతుంది. డాకర్‌లోనూ రూట్‌లెస్ మోడ్, అంటే రూట్ అధికారం లేకుండా నడిపే పద్ధతి, ఉంది, 2020 చివర్లో వచ్చిన 20.10 నుంచి దాన్ని ప్రయోగదశ దాటించారు. కొన్ని కంటైనర్లని కలిపి నడిపే డాకర్ కంపోజ్ ఫైళ్లకి బాగా అలవాటు పడ్డవాళ్లు అది వాడుకోవచ్చు. నా ఓటు మాత్రం పాడ్‌మ్యాన్‌కే, షేర్డ్ సర్వర్‌లో ఒక్కో మనిషికి ఒక్కో డీమన్ కాపలా కాయడం నాకు నచ్చదు.

ఇప్పుడు అసలు కిటుకు. రూట్ కాకుండా కంటైనర్ లోపల రూట్ ఎలా అవుతాం? కొంతమందికి ఇంట్లో ముద్దుపేరు రాజా. ఆ ఇంట్లో అందరూ రాజా అనే పిలుస్తారు, వాడి మాటే చెల్లుతుంది. వీధి మలుపు దాటాక రేషన్ కార్డులో ఉన్న పేరే అసలు పేరు. కంటైనర్ లోపలి రూట్ అలాంటి ముద్దుపేరే. దీన్ని యూజర్ నేమ్‌స్పేస్ అంటారు, మామూలు యూజర్ కూడా దీన్ని సృష్టించుకునే వీలు 2013 ఫిబ్రవరిలో వచ్చిన లినక్స్ 3.8 కెర్నల్‌తో వచ్చింది. లినక్స్ ప్రతి యూజర్‌నీ ఒక నంబర్‌తో గుర్తుపడుతుంది, రూట్ నంబర్ 0. లోపల మన నంబర్ 0, బయట కెర్నల్ లెక్కలో మాత్రం మనకున్న మామూలు నంబరే.

కానీ కంటైనర్‌లో రూట్ ఒక్కడే ఉండడు కదా. పోస్ట్‌గ్రెస్ తన యూజర్‌గా నడుస్తుంది, మెయిల్‌కి ఒక యూజర్, మ్యాన్ పేజీలకి ఒక యూజర్. వాళ్లందరికీ బయట నంబర్లు కావాలి. అందుకోసం ఈటీసీలో సబ్‌యూఐడీ, సబ్‌జీఐడీ అని రెండు ఫైళ్లు ఉంటాయి. వాటిలో మన లాగిన్ పేరు, కోలన్, 100000, కోలన్, 65536 అని ఒక వరుస ఉంటుంది. లక్షో నంబర్ నుంచి మొదలుపెట్టి 65,536 నంబర్లు ఈ మనిషికి కేటాయించాం అని దాని అర్థం. ఆ నంబర్లతో సిస్టమ్‌లో ఇంకెవరూ ఉండరు. మ్యాపింగ్ పని చేసేవి న్యూయూఐడీమ్యాప్, న్యూజీఐడీమ్యాప్ అనే రెండు చిన్న ప్రోగ్రాములు. ఈ మొత్తం వ్యవహారంలో రూట్ అధికారం వాడేది అవి రెండే, అదీ ఆ ఫైళ్లలో రాసి ఉన్న మేరకే.

మీ కళ్లతో చూడాలంటే పాడ్‌మ్యాన్ అన్‌షేర్ అని కొట్టి, ప్రాక్ కింద సెల్ఫ్‌లో ఉన్న యూఐడీ మ్యాప్ ఫైలుని క్యాట్ చేయండి. నాకు రెండు వరుసలు వస్తాయి. మొదటిది 0, 1042, 1. అంటే లోపలి సున్నా బయట 1042, ఒక్క నంబరు. 1042 ఆ సర్వర్‌లో నా యూజర్ నంబర్. రెండోది 1, 100000, 65536. అంటే లోపలి ఒకటి బయట లక్ష, అక్కణ్ణుంచి వరుసగా. ఈ రెండు వరుసలు అర్థమైతే చాలు, రూట్‌లెస్‌లో వచ్చే ఇబ్బందుల్లో సగం పైగా మీరే తేల్చేసుకోగలరు, నేనైతే ఏ ఎర్రర్ వచ్చినా ముందు ఇదే తెరిచి చూస్తాను.

మావాడికి వచ్చిన మొదటి ఇబ్బందే చూడండి. ఇమేజ్, అంటే కంటైనర్ తయారయ్యే మూస, దించుకోబోతే చివర్లో జీషాడో ఫైలు పేరు చెప్పి, యూజర్ నేమ్‌స్పేస్‌లో ఐడీలు చాలడం లేదు అని ఎర్రర్. వాడు డిస్కు నిండిందేమో అనుకుని ఉన్న ఇమేజ్‌లన్నీ తీసేశాడు పాపం. జీషాడో డెబియన్ లినక్స్ ఇమేజ్‌లలో 42వ నంబర్ గ్రూపుది. వాడికి సబ్‌జీఐడీలో వరుసే లేదు, అంటే లోపల సున్నా ఒక్కటే ఉంది, 42 ఎక్కణ్ణుంచి వస్తుంది? సర్వర్‌లో యూజర్ యాడ్‌తో అకౌంట్ సృష్టిస్తే ఈ వరుసలు వాటంతటవే పడతాయి. కాలేజీల్లో చాలాచోట్ల లాగిన్‌లు ఎల్‌డాప్ అనే ఉమ్మడి లాగిన్ జాబితా నుంచి వస్తాయి కాబట్టి పడవు. ఇక్కడ మాత్రం సార్ సాయం కావాలి, కానీ ఒక్కసారే: ఆ రెండు ఫైళ్లలో ఇంకెవరి రేంజ్‌తోనూ కలవని రేంజ్‌లు యాడ్ చేస్తే సరిపోతుంది. "సార్, సుడో వద్దు, సబ్‌యూఐడీలో, సబ్‌జీఐడీలో చెరో వరుస వేయండి చాలు" అని అడగమన్నాను. ఐదు నిమిషాల్లో వేసేశారట. ఆ తర్వాత పాడ్‌మ్యాన్ సిస్టమ్ మైగ్రేట్ అని ఒకసారి కొట్టాలి, లేకపోతే పాత మ్యాపింగ్‌తోనే కూర్చుంటుంది.

రెండోది నన్ను మొదట్లో బాగా భయపెట్టింది. పోస్ట్‌గ్రెస్ డేటా కోసం హోమ్‌లో ఒక ఫోల్డర్ సృష్టించి కంటైనర్‌కి మౌంట్ చేశాను. కంటైనర్ చక్కగా లేచింది. ఫోల్డర్‌లోకి వెళ్లబోతే పర్మిషన్ డినైడ్. నా హోమ్‌లో, నేను పెట్టిన ఫోల్డర్! ఎల్ఎస్ కొడితే ఓనర్ పేరు దగ్గర 100998 అని నంబర్. ఎవరు ఈ 100998 అని సర్వర్ హ్యాక్ అయిందేమోనన్నంత కంగారు పడ్డాను. లెక్క చూడండి: ఆ ఇమేజ్‌లో పోస్ట్‌గ్రెస్ యూజర్ నంబర్ 999. లోపలి 1 బయట 100000 అయితే లోపలి 999 బయట 100998. కంటైనర్ లేచేటప్పుడు ఫోల్డర్‌ని తన పోస్ట్‌గ్రెస్ యూజర్ పేరు మీదికి మార్చుకుంది, అంతే. తీసేయాలంటే సుడో అక్కర్లేదు. పాడ్‌మ్యాన్ అన్‌షేర్ అని ముందు పెట్టి, దాని పక్కన ఆర్ఎం కొట్టండి. అన్‌షేర్ మనల్ని ఆ నేమ్‌స్పేస్ లోపలికి తీసుకెళ్తుంది, అక్కడ మనమే రూట్ కాబట్టి మన రేంజ్‌లోని ఫైళ్లన్నీ మన చేతిలో ఉంటాయి. ఓనర్‌ని మార్చాలన్నా ఇదే పద్ధతి, చోన్ చేసేటప్పుడు లోపలి నంబర్లు వాడాలి. కోడ్ ఫోల్డర్ లాంటివి మౌంట్ చేసి, లోపలా బయటా ఒకే యూజర్‌గా ఉండాలంటే యూజర్ఎన్ఎస్ ఆప్షన్‌కి కీప్ ఐడీ ఇవ్వండి, జూపిటర్ కంటైనర్లకి నేను ఎప్పుడూ అదే వాడతాను.

హోమ్ డైరెక్టరీ ఎన్ఎఫ్ఎస్ మీద, అంటే నెట్‌వర్క్‌లో ఇంకో ఫైల్ సర్వర్ మీద, ఉంటే ఇంకో తలనొప్పి. అవతలి ఫైల్ సర్వర్‌కి మన నేమ్‌స్పేస్ గురించి ఏమీ తెలియదు, 1042 నంబర్ మనిషి 100998 పేరు మీద ఫైలు ఎలా పెడతాడని ఒప్పుకోదు, దాని వైపు నుంచి అది న్యాయమే. ఇమేజ్‌ల స్టోరేజ్‌ని లోకల్ డిస్కులోకి మార్చుకోండి, హోమ్‌లోని కాన్ఫిగ్ ఫోల్డర్‌లో కంటైనర్స్ కింద స్టోరేజ్ కాన్ఫ్ ఫైలు పెట్టి గ్రాఫ్‌రూట్ దారి మారిస్తే అయిపోతుంది.

పోర్టుల సంగతి చిన్నది: 1024 కంటే తక్కువ పోర్టు మామూలు యూజర్‌కి ఇవ్వదు, 80 బదులు 8080 వాడుకోండి. నెట్‌వర్క్‌కి పాత వెర్షన్లలో స్లర్ప్ ఫర్ నెట్ఎన్ఎస్ వాడేవారు, 2024లో వచ్చిన పాడ్‌మ్యాన్ 5 నుంచి పాస్తా అనేది డిఫాల్ట్. మెమరీ లిమిట్ పెట్టాలంటే సర్వర్‌లో, ప్రోగ్రాములకి మెమరీ లాంటి వాటిలో హద్దులు పెట్టే సీగ్రూప్స్ రెండో వెర్షన్ ఉండాలి, పాతదైతే రూట్‌లెస్‌లో లిమిట్‌లు పనిచేయవు.

ఇంకొకటి, ఇది తెలియక రాత్రి ట్రైనింగ్ పెట్టి ఇంటికెళ్లి, పొద్దున వచ్చి చూస్తే కంటైనర్ లేదని తల పట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. మన చివరి లాగిన్ సెషన్ మూసుకోగానే సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ మన యూజర్ కింది సర్వీసులన్నీ ఆపేస్తుంది, మన కంటైనర్లు వాటిలోనే ఉంటాయి. లాగిన్ సీటీఎల్‌తో ఎనేబుల్ లింగర్ పెట్టించుకోవాలి, అప్పుడు మనం వెళ్లిపోయినా అవి ఆగవు. మా దగ్గర దీనికీ సార్‌నే అడగాల్సి వచ్చింది, ఇదీ ఒక్కసారి పనే. అందుకే మావాడికి చెప్పాను, సబ్‌యూఐడీ, లింగర్ రెండూ ఒకే మెయిల్‌లో అడిగెయ్, రెండుసార్లు ఆయన్ని ఇబ్బంది పెట్టకు అని.

సార్ వాళ్ల వైపు నుంచి ఒక న్యాయమైన భయం ఉంది, దాన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. యూజర్ నేమ్‌స్పేస్ తెరిచి పెడితే, అంతకుముందు రూట్‌కి మాత్రమే అందే కెర్నల్ కోడ్‌లోని కొన్ని మూలలు మామూలు యూజర్‌కీ అందుతాయి. 2022లో బయటపడ్డ సీవీఈ 2022-0185 (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపాలకి ఇచ్చే నంబర్) అలాంటిదే, ఫైల్ సిస్టమ్ మౌంట్‌కి సంబంధించిన కోడ్‌లో తప్పు, నేమ్‌స్పేస్ సృష్టించుకోగలిగితే దాన్ని వాడుకుని అసలు రూట్ అయ్యే దారి దొరికింది. ఈ కారణంగానే ఉబుంటు 24.04లో యాప్ ఆర్మర్ (ఏ ప్రోగ్రాము ఏం చేయొచ్చో కట్టడి చేసేది) ప్రొఫైల్ లేని ప్రోగ్రాములకి ఈ నేమ్‌స్పేస్‌ల మీద కట్టడి పెట్టారు. ఉబుంటు రిపోజిటరీ నుంచి వేసుకున్న పాడ్‌మ్యాన్‌కి ప్రొఫైల్ ఉంటుంది, మనం హోమ్‌లోకి సొంతంగా దింపుకున్న బైనరీలకి ఉండదు, అక్కడ ఆగిపోతే కారణం ఇదే అయి ఉండొచ్చు. రెండో వైపూ చూడాలి. 2019 ఫిబ్రవరిలో, కంటైనర్లని నిజంగా మొదలుపెట్టే ప్రోగ్రాము రన్‌సీలో బయటపడ్డ తప్పుతో కంటైనర్ లోపలి రూట్, హోస్ట్ మీది రన్‌సీ ప్రోగ్రామునే తిరగరాయగలిగేవాడు. రూట్‌లెస్‌లో నడిపేవాళ్ల దగ్గర అది పారలేదు, ఎందుకంటే ఆ "రూట్"కి బయట ఆ ఫైలు మీద రాసే హక్కే లేదు. కెర్నల్ అప్‌డేట్‌లు టైముకి వేస్తూ రూట్‌లెస్ ఇవ్వడం, నలభై మందిని డాకర్ గ్రూపులో పెట్టడం, ఈ రెండింట్లో ఏది ఎంచుకోవాలని ఏ అడ్మిన్ అడిగినా నేను మొదటిదే అంటాను, రెండో ఆలోచన లేకుండా.

ఆదివారం మధ్యాహ్నం మావాడు స్క్రీన్‌షాట్ పంపాడు. పోస్ట్‌గ్రెస్ లేచింది, 5433 పోర్టు మీద. కింద యూఐడీ మ్యాప్ కూడా పెట్టాడు, వాడి రేంజ్ 165536 నుంచి మొదలైంది. "అక్కా, నా డేటా ఫోల్డర్ ఓనర్ 166534 అని చూపిస్తోంది, లెక్క కరెక్టే కదా?" అని అడిగాడు. కరెక్టే. అదే సర్వర్‌లో, అదే ఇమేజ్‌తో నడుస్తున్న నా పోస్ట్‌గ్రెస్ 100998. రెండూ లోపల తమని 999 అనే అనుకుంటాయి, వాడి ఫోల్డర్‌ని నాది ముట్టుకోవడం కుదరదు, నా ఫోల్డర్‌ని వాడిది ముట్టుకోవడమూ కుదరదు.