అమ్మతో షెంజెన్ విజిటర్ వీసా: నా అనుభవం

చెల్లి జర్మనీలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అమ్మని ఒకసారి తీసుకురమ్మని పోరుతూనే ఉంది, ఆ వీలు ఇప్పటికి కుదిరింది. నాకూ అమ్మకీ షెంజెన్ వీసా (ఒకే వీసాతో యూరప్‌లోని చాలా దేశాలు తిరగనిచ్చేది) పనంతా ఏజెంటు లేకుండా నేనే చూసుకున్నాను. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఈ వీసాలో మామూలుగా ఎదురుగా కూర్చోబెట్టి చేసే ఇంటర్వ్యూ ఉండదు. కాగితాలు తీసుకునే సెంటర్ వాళ్ళకి నిర్ణయంతో సంబంధం లేదు, నిర్ణయించే కాన్సులేట్ అధికారి మన ముఖం చూడరు. ఎందుకు వెళ్తున్నాం, ఖర్చు ఎవరిది, తిరిగి ఎందుకు వస్తాం, ఈ మూడింటికీ ఆ ఫైల్లోనే జవాబు దొరకాలి. నా ఉద్దేశంలో మూడోదే అసలైంది. గడువులోగా వెనక్కి వెళ్తారన్న నమ్మకం లేదు అనేది తిరస్కరణ ఫారంలో ముందే అచ్చయి ఉండే కారణాల్లో ఒకటి.

షెంజెన్‌లో ఇప్పుడు 29 దేశాలున్నాయి. వీసా సులువుగా ఇస్తారని పేరున్న దేశానికి అప్లై చేసి వేరే చోట తిరగొద్దామని చాలామంది అంటుంటారు, అలా చేయకండి. ఎక్కువ రోజులు ఎక్కడుంటామో ఆ దేశానికే పెట్టాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. మధ్యలో పారిస్ వెళ్ళొచ్చే ఆలోచన ఉన్నా మా బస చెల్లి దగ్గరే కాబట్టి జర్మనీకే పెట్టాం.

ఖర్చు సంగతి చెల్లి చూసుకుంది. అక్కడి విదేశీయుల కార్యాలయానికి వెళ్ళి, జీతం వివరాలు చూపించి, అమ్మ ఖర్చంతా తనదేనని అధికారికంగా హామీపత్రం రాసిచ్చింది. "స్కాన్ పంపుతాను, చాలు కదక్కా" అంది. చాలదు, ఒరిజినలే కావాలి, కొరియర్‌లో పంపమన్నాను. మామూలు ఆహ్వాన లేఖకీ దీనికీ చాలా తేడా ఉంది. ఈ పత్రం మీద సంతకం పెడితే రేపు అక్కడి ప్రభుత్వానికి అమ్మ వల్ల ఏదైనా ఖర్చయితే చెల్లి దగ్గర వసూలు చేస్తారు, అధికారి దానికంత విలువ ఇచ్చేది అందుకే.

తిరిగి రావడానికి నావైపు నుంచి ఉద్యోగం, ఫలానా తేదీన డ్యూటీలో చేరాలని ఆఫీసు వాళ్ళు రాసిచ్చిన సెలవు లేఖ ఉన్నాయి. అమ్మ రిటైరయింది, ఆమెకి అలాంటి లేఖ ఎవరిస్తారు? అందుకే పెన్షన్ కాగితాలు, ఆమె పేరు మీదున్న ఇంటి కాగితాలు పెట్టి, కవరింగ్ లెటర్లో ఇక్కడ ఎవరెవరు ఉన్నారో, ఏ తేదీకి వెనక్కి రావాలో ఒక్క పేజీలో మామూలు మాటల్లో రాశాను. పాస్‌పోర్టులో అమ్మ పేరు పూర్తిగా ఉంది, బ్యాంకులో ఇనిషియల్‌తో ఉంది, రెండూ ఒకరివేనని బ్యాంకు నుంచి లెటర్ తీసుకుని అదీ జతచేశాం.

మొదట్లో వివరాలు కనుక్కుందామని వెళితే ఒక ఏజెంటు, "అమ్మగారి ఖాతాలో కొన్నాళ్ళు పెద్ద మొత్తం వేసి చూపిద్దాం" అన్నాడు. అక్కడి నుంచి లేచొచ్చేశాను. నెలనెలా పెన్షన్ పడుతూ, ఖర్చవుతూ ఉండే ఖాతాలో ఉన్నట్టుండి అంత డబ్బు కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఉన్నది కొంచెమే అయినా నిజమైన స్టేట్‌మెంటే మేలు, ఖర్చు భరించేది చెల్లి అని పత్రం ఎలాగూ ఉంది.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి, షెంజెన్ దేశాలన్నిటికీ, ఉండే రోజులన్నిటికీ వర్తించాలి. పాస్‌పోర్టు పదేళ్ళ లోపు జారీ అయినదై, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. టికెట్‌కి రిజర్వేషన్ చాలు, వీసా చేతికి రాకుండా డబ్బు వాపసు రాని టికెట్ కొనకండి.

అపాయింట్‌మెంట్‌కి ముందు రాత్రి కాగితాలన్నీ బల్ల మీద పరిచి, పెన్సిల్ పట్టుకుని కేవలం తేదీలే చూసుకుంటూ వెళ్ళాను. ఫారం, టికెట్ రిజర్వేషన్, ఇన్సూరెన్స్, సెలవు లేఖ, చెల్లి పత్రం అన్నిట్లో ఒకే తేదీలు ఉండాలి. మీరూ ఈ పని తప్పకుండా చేయండి, గంట కూడా పట్టదు.

సెంటర్లో టెన్షన్ పెట్టింది ఒక్కటే, అమ్మ వేలిముద్రలు. పనిచేసి చేసి వేళ్ళు అరిగిపోయాయి, స్కానర్ మీద ఎంత నొక్కినా ఎర్ర గుర్తే వస్తోంది. అక్కడి అమ్మాయి ఓపిగ్గా గాజు తుడిచి, అమ్మ వేళ్ళు తడిగుడ్డతో అద్ది, తన చేత్తో ఒక్కో వేలూ పట్టి ఆనించింది. కుడి నాలుగు, ఎడమ నాలుగు, చివరికి బొటనవేళ్ళు, అన్నీ పడ్డాయి. ఈ ముద్రలు 59 నెలలు దాస్తారు, ఆలోపు మళ్ళీ అప్లై చేస్తే మామూలుగా ఇవ్వక్కర్లేదని తెలిశాక అమ్మ నవ్వింది. ఫీజు మాకు ఒక్కొక్కరికి 90 యూరోలు, వీసా రాకపోయినా వెనక్కివ్వరు, సెంటర్ ఛార్జి వేరే.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 దాకా పట్టొచ్చు. అందుకే మేం చాలా ముందుగా పెట్టాం, ఎదురుచూపు అంత భారంగా అనిపించలేదు.

పాస్‌పోర్టులు రాగానే అందులో అంటించిన వీసా స్టిక్కర్ మీద పేరు, పాస్‌పోర్టు నంబరు సరిచూసుకుని, తర్వాత రోజుల సంఖ్య చూడండి. దాని మీద ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అని ఉంటుంది, పక్కనే ఎన్ని రోజులు అని విడిగా ఉంటుంది. ఆ గడువులో అదనపు రోజులు కలిపి ఇస్తారు కాబట్టి చివరి తేదీ దాకా ఉండిపోవచ్చనుకోకండి, లెక్క రోజులదే. మల్టిపుల్ ఎంట్రీ (గడువులో ఎన్నిసార్లైనా వెళ్ళిరాగలిగే వీసా) వచ్చినా ఏ 180 రోజుల్లో చూసినా 90 దాటకూడదు. ఇంకోటి, వీసా ఉన్నా అక్కడ దిగాక ఇమిగ్రేషన్‌లో ఇవే కాగితాలు అడగొచ్చు. అందుకని ఇన్సూరెన్స్, తిరుగు టికెట్, చెల్లి పత్రం కాపీ, ఆమె అడ్రసు, ఫోన్ నంబరు ఒక కవర్లో పెట్టి అమ్మ చేతిసంచిలోనే ఉంచాను, నాదో సెట్ నా దగ్గర.