చిమ్నీ కొలిచారు, షెడ్డు కప్పు కొలవలేదు: నా అనుభవం

మా కిటికీ అంచున రోజూ ఉదయానికి నల్లటి పొడి పేరుకునేది. తుడిస్తే వేళ్ల మధ్య గరుకుగా తగిలేది. ఒకరోజు మా అబ్బాయి తన ఆట అయస్కాంతానికి కాగితం చుట్టి ఆ పొడి మీద ఆనించాడు. సగానికి పైగా లేచి సన్నటి ముళ్లలా నిలబడింది. అంత ఇనుము మామూలు ఇంటి దుమ్ములో ఉండదు. మాకు ఎనిమిది వందల మీటర్ల దూరంలో తుక్కు ఇనుము కరిగించే కర్మాగారం ఉంది.

కాలుష్య నియంత్రణ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చాను. మూడు వారాలకు జవాబొచ్చింది: చిమ్నీని పరీక్షించాం, దుమ్ము పరిమితిలోనే ఉంది. మళ్లీ రాశాను, మళ్లీ అదే జవాబు. అందరూ కుమ్మక్కయ్యారని కోపంలో ఇరుగుపొరుగుతో అనేశాను. అలా అనకుండా ఉండవలసింది. ఎందుకంటే వాళ్లు కొలిచింది సరిగ్గానే కొలిచారు. కొలవవలసిన చోటు అది కాదు, అంతే.

ఆ చోటు చూపించింది మా ఎదురింటి పెద్దావిడ. నిద్ర పట్టక రాత్రిళ్లు డాబా మీద కూర్చుంటారు. "చిమ్నీ సంగతి వదిలెయ్ నాయనా, దాని నుంచి పొగ రావడం నువ్వెప్పుడైనా చూశావా? ఆ రేకుల కప్పు చూడు" అన్నారు. చూశాను. కొలిమి ఉన్న షెడ్డు కప్పు సందుల్లోంచి గోధుమరంగు పొగ ఐదారు నిమిషాలు దట్టంగా లేచి, గాలికి మా వైపు వాలి, ఆగిపోయింది. సుమారు గంటన్నర తర్వాత మళ్లీ వచ్చింది.

కారణం ఆ తర్వాత తెలిసింది. కొలిమి మూత వేసి ఉన్నంతసేపు పొగను గొట్టం పీల్చి వడపోత సంచులకు పంపుతుంది. ఆ సంచులు మంచి స్థితిలో ఉంటే నూటికి తొంభైతొమ్మిది వంతులకు పైగా దుమ్మును ఆపేస్తాయి. చిమ్నీ లెక్కలు బాగుండటానికి కారణం అదే. కానీ తుక్కు వెయ్యాలంటే మూత తియ్యాలి. అప్పుడు పీల్చే గొట్టం కూడా పక్కకు జరుగుతుంది. తుక్కుకు అంటిన నూనె, రంగు ఒక్కసారిగా మండి పొగంతా కప్పుకు ఎగబాకుతుంది. కరిగిన లోహాన్ని వంచి పోసేటప్పుడూ అంతే. ఆ పొగ చిమ్నీ దాకా వెళ్లదు కాబట్టి ఏ లెక్కలోకీ రాదు.

పదకొండు ఇళ్లవాళ్లం కలిసి ఆరు వారాలు పుస్తకం రాశాం. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, గాలి ఎటు నుంచి వీస్తోంది (డాబా కొయ్యకు రిబ్బను కట్టాం), షెడ్డులో ఏ మూల నుంచి వచ్చింది. ఫోటో ఎప్పుడూ ఒకే చోట నిలబడి తియ్యాలి. మొదటి వారం ఎవరో "ఘోరమైన పొగ" అని రాశారు. అధికారికి ఆ మాటతో పని జరగదు. 1888లో ఫ్రాన్సుకు చెందిన రింగెల్‌మన్ పొగ నలుపును పోల్చి చూడటానికి సున్నా నుంచి ఐదు వరకు మెట్లున్న పట్టిక తయారు చేశాడు. దాన్ని అచ్చు వేయించి, పగటిపూట సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడి పోల్చి, అంకె రాయడం మొదలుపెట్టాం.

ఇలాంటి పుస్తకం సాక్ష్యంగా చెల్లుతుందా అని చాలామంది అడుగుతారు. నా ఉద్దేశంలో దాని పని వేరు: తనిఖీకి ఏ గంటకు రావాలో అది చెబుతుంది. పైగా రోజు సగటు ఇలాంటి పొగను దాచేస్తుంది. గాలిలో దుమ్ము అంకె ఇరవైమూడు గంటలు 30, ఒక్క గంట 600 ఉన్నా సగటు 54కు చేరదు. ఆ గంట పీల్చిన ఊపిరితిత్తికి సగటుతో ఏం సంబంధం?

ఇక కర్మాగారం అనుమతి పత్రం. ముప్పై నాలుగు పేజీలు, చదవడానికి రెండు రాత్రులు పట్టింది. అందులో ఒక షరతు ఉంది: కరిగించేటప్పుడు వచ్చే దుమ్మునంతా పట్టి వడపోతకు పంపాలి. కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు, ఆ ఒక్క వాక్యం చాలు. పుస్తకం నకలు, ఆ పేజీ కలిపి ఇచ్చాం. ఈసారి తనిఖీ అధికారి రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చి, మా డాబా మీద నిలబడి కళ్లారా చూశారు.

అసలు కష్టం ఇరుగుపొరుగులోనే ఎదురైంది. మా వీధిలో నాలుగు కుటుంబాలకు ఆ కర్మాగారమే జీవనాధారం. "మూయించేస్తారా?" అని అడిగినప్పుడు వాళ్ల గొంతులో భయం విన్నాను. మూసెయ్యమని అడగబోమని మొదటి సమావేశంలోనే కాగితం మీద రాసి సంతకాలు చేశాం. అప్పుడు కొలిమి దగ్గర పనిచేసే ఒకాయన లేచి, "మీ కిటికీ మీద పడేముందు ఆ పొగ మా మీదుగానే వస్తుందండీ" అన్నారు. అంతవరకు ఆయన గురించి నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు. అప్పటి నుంచి మా కోరికల్లో మొదటిది షెడ్డు లోపలి గాలిని కొలవడం.

మొత్తం పద్నాలుగు నెలలు పట్టింది. కప్పు కింద పెద్ద గొడుగులాంటి హుడ్డు, దానికి తగిన ఫ్యాను పెట్టారు. నూనె, ప్లాస్టిక్ అంటిన తుక్కును వేరు చేస్తున్నారు. అనుమతి పునరుద్ధరణలో కప్పు నుంచి వచ్చే పొగ గురించి ప్రత్యేక షరతు చేర్చారు. నెలకోసారి యాజమాన్యం, కార్మికులు, మేము కూర్చుంటాం. వడపోత సంచులకు అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడా నమోదులు అక్కడ చూపిస్తారు. ఆ తేడా ఉన్నట్టుండి పడిపోతే సంచి ఎక్కడో చిరిగి ఉండవచ్చని ఇప్పుడు మా అందరికీ తెలుసు.

కిటికీ అంచున పొడి ఇప్పటికీ పడుతుంది, కాకపోతే వారానికోసారి తుడిస్తే సరిపోతోంది. వేడి ఎక్కువగా ఉన్న రోజుల్లో షెడ్డు ఉత్తరం తలుపు తెరిచి ఉంచుతున్నారు, పొగ అటుగా జారుతోంది. పెద్దావిడ పుస్తకంలో ఈ నెల అలాంటివి తొమ్మిది ఉన్నాయి. తలుపు మూస్తే లోపలివాళ్లకు ఉక్కపోత. అందుకని లోపలికి చల్లగాలి పంపే ఏర్పాటు అడుగుతున్నాం. వచ్చే సమావేశంలో మొదటి అంశం అదే.