రాయిని నాకి చూసిన రోజు

పొద్దున్నే ఒక తిక్కపని చేశాను. వానకు తడిసిన గులకరాయి ఒకటి తీసి, తుడిచి, నాలుకకు ఆనించాను. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకున్నాకే లెండి. చల్లగా, నున్నగా ఉంది. రుచి మాత్రం ఏమీ లేదు.

దీనికంతటికీ కారణం రాత్రి తాగిన షాబ్లీ, అంటే ఫ్రాన్స్‌లో ఆ పేరున్న ఊరి చుట్టూ చేసే తెల్ల వైన్. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఆహా, తడిరాయి వాసన" అని పెద్ద తెలిసినవాడిలా అన్నాను. పక్కనున్న స్నేహితుడు "రాయికి వాసనేంట్రా?" అన్నాడు. నా నోట్లోంచి మాట రాలేదు.

సెలవే కదా అని పొద్దంతా పుస్తకాలు, మ్యాపులు ముందేసుకుని కూర్చున్నాను. షాబ్లీ నేల గురించి చదివితే ఎవరికైనా అలాగే అనాలనిపిస్తుంది. 15 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం. ఆ బురదే గట్టిపడి కిమ్మెరిడ్జియన్ అనే సున్నపు బంకమన్ను అయింది. గడ్డ పగలగొడితే గోరంత ఆల్చిప్పలు కనిపిస్తాయి. పేరున్న ఏడు గ్రాన్ క్రూ (అన్నిటికంటే పై తరగతి) తోటలూ ఈ నేలమీదే, ఒకే వాలులో ఉన్నాయి. ఇక వైన్‌లో ఉప్పగాలి తగిలిందంటే మనసు ఆ ఆల్చిప్పల మీదికి పోకుండా ఉంటుందా!

అలెక్స్ మాల్ట్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త నేలలోని రాయి రుచి వైన్‌లోకి వస్తుందనే ఈ "మినరాలిటీ" కబుర్లను చాలాకాలంగా తోసిపుచ్చుతున్నాడు. రాళ్లలోని ఖనిజాలు దాదాపుగా నీళ్లలో కరగవు, ఆవిరీ కావు. కరగనిది నాలుకకు అందదు, ఆవిరి కానిది ముక్కుకు అందదు. తీగ వేళ్లు పీల్చుకునే పొటాషియం, కాల్షియం లాంటివి కూడా వైన్‌లో రుచి తెలియనంత తక్కువ. వానకు రాళ్లనుంచి వచ్చే వాసనైనా రాయిది కాదట. ఎండాకాలంలో మొక్కలనుంచి వచ్చి రాళ్లకు పట్టిన నూనెలది. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దానికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. షార్డొనే అనే తెల్ల ద్రాక్షతో చేసిన కొన్ని వైన్లలో చెకుముకి రాళ్లు కొట్టినప్పటి వాసన వస్తుంది చూడండి, అది గంధకం ఉన్న ఒక పదార్థం వల్ల.

అయితే నేలకు పనే లేదా? మధ్యాహ్నమంతా ఫ్రాన్స్‌లోనే ఉన్న బుర్గుండి అనే వైన్ ప్రాంతంలో ఒక్క కొండవాలు మ్యాపే చూశాను. దాని మీద మూడు తోటలు. పైన షెవాలియే మోన్రాషే, నడుమ మోన్రాషే, ఓ చిన్న రోడ్డు దాటితే కింద బటార్ మోన్రాషే. మూడింటిలోనూ ఒకటే ద్రాక్ష, షార్డొనే. వాన కూడా ఒకటే. పైన మట్టి పలచన, రాళ్లెక్కువ. నీళ్లు నిలవవు, తీగ ఆకలితో పెరుగుతుంది. కింద మట్టి లోతు, బంక ఎక్కువ. అందుకే షెవాలియే సన్నగా, పదునుగా ఉంటుందనీ, బటార్ ఒళ్లు చేసినట్టు నిండుగా ఉంటుందనీ అంటారు. తాగినవాళ్ల మాటే రాస్తున్నాను, వాటిని కొనే స్తోమత నాకెక్కడిది!

జర్మనీలో మోజెల్ నది ఒడ్డున నేల చేసే పని వేరు. అక్కడంతా పలకరాయి. బ్రెమర్ కాల్మోంట్ అనే కొండవాలైతే దాదాపు 65 డిగ్రీలు, నిచ్చెన ఎక్కినట్టే. చలిదేశంలో ఆ నల్లటి పలకలు పగలు ఎండను దాచుకుని రాత్రి తీగలకు వెచ్చదనం ఇస్తాయి, అక్కడి రీస్లింగ్ ద్రాక్ష పండేది ఆ వేడితోనే. వానకు జారిపోయిన పలకలను రైతులు మళ్లీ పైకి మోసుకెళ్లేవారట. రుచి కోసం కాదు, వేడి కోసం. ఇది చదివాక పొద్దుటి నా ప్రయోగం గుర్తొచ్చి నవ్వొచ్చింది.

సాయంత్రం ఫ్రిజ్‌లో మిగిలిన షాబ్లీ పోసుకున్నాను. ఇంత చదివాక ఆ వాసన పోతుందేమో అనుకున్నాను. పోలేదు. నోట్‌బుక్‌లో మళ్లీ "తడిరాయి" అనే రాసుకున్నాను.