లోడు నాదే, లారీ మాత్రం వైరస్‌ది

నాకు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఉంది. సరుకు ఎంత మంచిదైనా బండి సరిగా లేకపోతే పార్టీ చేత తిట్లు తినేది మేమే. నా కేన్సర్ వైద్యం కూడా నాకు ఆ లెక్కలోనే అర్థమైంది.

2023 ఎండాకాలంలో మెడ కుడివైపు నిమ్మకాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు. దగ్గర్లో చూపిస్తే టీబీ గడ్డ అన్నారు. ముక్క తీసి పరీక్షకు పంపకుండానే మందులు మొదలుపెట్టారు. మూడు నెలలు మింగాను. మూత్రం ఎర్రగా రావడం తప్ప ఏమీ మారలేదు, గడ్డ ఒకటి కాస్తా మూడయ్యాయి. ఆ మూడు నెలల మీద కోపం నాకింకా పోలేదు. ఇంకోచోట ముక్క తీసి బయాప్సీ చేస్తే లింఫోమా, అంటే తెల్ల రక్తకణాలకొచ్చే కేన్సర్ అని తేలింది. 21 రోజులకోసారి ఆరు కీమోలు. గడ్డలు కరిగాయి, ఏడు నెలలకు మళ్లీ వచ్చాయి. ఈసారి వేరే కీమోకి లొంగలేదు.

అప్పుడు మా డాక్టరుగారు కార్-టి పేరెత్తారు, మన ఒంటి కణాల్నే మార్చి కేన్సర్ మీదికి వదిలే వైద్యం. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19 అనే కార్-టి మందుకి 2023 అక్టోబరులోనే మన దేశంలో అనుమతి వచ్చిందన్నారు. 2017లో అమెరికాలో ఇలాంటి మొదటి మందు ధర 4,75,000 డాలర్లు. అప్పట్లో ఇక్కడ దాదాపు 40 లక్షల రూపాయలు. చవకే! కంకిపాడు దగ్గరి మా సైటు పోయింది.

"మీ రక్తంలోంచి టి కణాలు, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాలు తీస్తాం. కేన్సర్ కణం మీదుండే సిడి19 అనే గుర్తును పట్టే జన్యువును వాటిలో పెట్టి, మళ్లీ మీకే ఎక్కిస్తాం" అన్నారాయన.

"కణంలోకి ఎట్లా పెడతారండీ?"

"లెంటివైరస్‌తో. హెచ్ఐవీ నుంచి తయారుచేసిన బండి."

ఆ ఒక్క ముక్కతో ఇంట్లో టెన్షన్ మొదలైంది. "ఒరే నాన్నా, ఒక రోగానికి ఇంకో రోగం ఎక్కిస్తారా?" అని అమ్మ అన్నం మానేసింది. నేనేమో రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని, 1999లో అమెరికాలో కాలేయ సమస్యకు జన్యుచికిత్స చేయించుకున్న 18 ఏళ్ల కుర్రాడు నాలుగు రోజుల్లో చనిపోయిన సంగతి చదివాను. మర్నాడు అదే అడిగితే, ఆ బండి వేరే, అడినోవైరస్ అన్నారు డాక్టరుగారు. దాన్ని నేరుగా ఒంట్లోకి ఎక్కించారట. నాకైతే ఆ పనంతా ల్యాబ్‌లో, ఒంటి బయటే జరుగుతుందట. పైగా హెచ్ఐవీలో జబ్బు చేసేవీ, పిల్లలు పెట్టేవీ అయిన జన్యువులు తీసేశారు. దొంగని దింపేసి, వాడి దొంగతాళాలు మాత్రం మనం ఉంచుకున్నట్టు.

మరి జలుబు తెచ్చే అడినోవైరస్ పనికిరాదా అంటే, వస్తుంది. మూత్రాశయ కేన్సర్‌కి గొట్టం ద్వారా లోపలికి పంపే అలాంటి మందుకి 2022లో అమెరికాలో అనుమతిచ్చారు. కానీ అది సరుకును వసారాలో దించిపోతుంది, మన డీఎన్ఏలో కలపదు. కణం రెండైతే సరుకు రెండవదానికి అందదు. నా టి కణాలేమో వేలకు వేలు పెరగాలి, ప్రతిదానిలో ఆ జన్యువు ఉండాలి. లెంటివైరస్ ఇంట్లోకి తెచ్చి గోడలో కట్టేసి పోతుంది. ఏ గోడలో కడుతుందో మన చేతిలో లేదు, అందుకే ఏళ్ల తరబడి పరీక్షలు తప్పవు. ఆయన ఇదీ దాచలేదు.

ముంబైలో ఒక చేతి నుంచి రక్తం యంత్రంలోకి పోయి, తెల్లకణాలు వడగట్టుకుని ఇంకో చేతిలోకి తిరిగొచ్చింది. పెదాలు చీమలు పాకినట్టు జివ్వుమంటే కాల్షియం ఇచ్చారు. వారాల తర్వాత, మూడు రోజుల కీమో అయ్యాక, పొగలు కక్కే చల్లని డబ్బాలోంచి, మార్చిన నా కణాలున్న చిన్న సంచి తీశారు. వెచ్చని నీళ్లలో కరిగించి, కాఫీ తాగినంత సేపట్లో ఎక్కించేశారు. "ఏవండీ, గదంతా వెల్లుల్లి వాసన" అంది మా ఆవిడ. కణాలు చెడకుండా కలిపే మందు వాసనట అది.

మూడో రోజు 103 జ్వరం, బీపీ పడిపోయింది. కణాలు పనిలో దిగాయని గుర్తట. దాన్ని అదుపు చేసే టోసిలిజుమాబ్ అనే మందు ఇచ్చారు. మెదడు మీద ప్రభావం చూడ్డానికి రోజూ వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టించేవారు, కాగితం మీద ఒక వాక్యం రాయించేవారు. నేను "బెంజి సర్కిల్‌లో ట్రాఫిక్ ఎక్కువ" అని రాసేవాణ్ని. మలయాళీ నర్సుకి తెలుగు రాదు, అక్షరాల ఆకారం నిన్నటిదానితో పోల్చి చూసేది. ఐదో రోజు కాగితం చూడగానే డాక్టర్ని పిలిచింది. నాకు బాగానే రాసినట్టుంది. తర్వాత చూసుకుంటే 'బెంజి బెంజి' అని కిందికి జారిపోయి ఉంది. రెండు రోజులు స్టెరాయిడ్ పడ్డాక గీత నిలబడింది.

మూడు నెలలకు ఒళ్లంతా కేన్సర్ కోసం వెతికే పెట్ స్కాన్ తీస్తే ఏమీ కనపడలేదు. ఇప్పుడు రోజూ ఆఫీసుకి వెళ్తున్నాను. ఎక్కించిన ఆ టి కణాలు, రోగాల్ని ఆపే యాంటీబాడీలు తయారుచేసే మంచి బి కణాల్నీ తినేస్తాయి కాబట్టి అప్పుడప్పుడు ఇమ్యునోగ్లోబులిన్, అంటే ఆ యాంటీబాడీల్నే బయటినుంచి ఎక్కించుకోవాలి. దసరాకి కొండ మీదికి వెళ్లనివ్వలేదు, రద్దీ వద్దన్నారు.

మా అమ్మ మాత్రం వచ్చినవాళ్లందరికీ "ముంబైలో రక్తం మార్పించుకొచ్చాడు" అని చెబుతోంది. మొదట్లో సరిదిద్దేవాణ్ని, ఇప్పుడు ఊరుకుంటున్నాను.