కవరుతో 11 రోజులు

ప్లాస్టిక్ కవరు చప్పుడైతే చాలు, మా గుర్రం చెవులు నిక్కబొడుచుకుని ఒక్క గెంతు గెంతేది. ఆ బెదురు పోగొట్టాలని మొదటిరోజు తొందరపడి కవరును మొహం దగ్గరికే తీసుకెళ్లా. పగ్గం సర్రున జారి అరచెయ్యి బొబ్బలెక్కింది. తప్పు నాదే.

తర్వాత పద్ధతి మార్చా. 20 అడుగుల దూరంలో కవరు ఆడించడం, గుర్రం కదలకుండా తల కాస్త దించగానే ఆపి వెనక్కి జరగడం. బెదిరినప్పుడు ఆపితే బెదరడమే నేర్చుకుంటుంది మరి! ఆరో రోజుకి మెడకి తాకించినా పెదాలు నాక్కుంటూ నిలబడింది. హమ్మయ్య అనుకుని కుడిపక్కకి వెళ్లానా, మళ్లీ అదే గెంతు. ఎడమవైపు అలవాటైనంత మాత్రాన కుడివైపు బెదరదని అనుకోకూడదన్నమాట. మళ్లీ 20 అడుగుల నుంచి మొదలు.

నిన్న గాలికి ఒక కవరు ఎగిరొచ్చి దాని కాళ్ల దగ్గర పడింది. వంగి వాసన చూసి, నమలబోయింది. పరుగెత్తుకెళ్లి లాక్కున్నా.