మా మందిరానికి కెమెరాలు ఎంచుకున్న వైనం: నా అనుభవం

మందిరానికి రాలేనివాళ్లు ఇంట్లోనే ఆరాధన చూడగలగాలని మా సంఘంలో చాలాకాలంగా ఫోనుతోనే ప్రసారం చేస్తున్నాం. మంచాన ఉన్న పెద్దలు, ఆదివారం కూడా పనికి వెళ్లాల్సినవాళ్లు, దూరాన స్థిరపడిన పిల్లలు చూస్తారు. "పాస్టర్‌గారి చొక్కా బాగా కనిపిస్తోంది నాయనా, ముఖమే కనిపించడం లేదు" అని ఒక పెద్దావిడ చెప్పాక సంఘ పెద్దలు కెమెరాలు కొనాలని తీర్మానించి, ఆ పని నాకు అప్పగించారు. సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చునేవాడికి కెమెరాలు కూడా తెలిసే ఉంటాయని వాళ్ల నమ్మకం.

సలహాలకు కొదవ లేదు. పెళ్లి వీడియోలు తీసే తమ్ముడొకడు పెద్ద సెన్సర్ (వెలుతురును బొమ్మగా మార్చే పలక) ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా (లెన్సు మార్చుకోగలిగే ఫోటో కెమెరా) తప్ప మరొకటి వద్దన్నాడు. 4కే అనే అతి స్పష్టమైన బొమ్మ ఇవ్వలేనిది కొనడం దండగని ఇంకొకరు తేల్చేశారు. నేను కొలత టేపు తీసుకుని వెనుక గోడ నుంచి ప్రసంగ వేదిక దాకా కొలిచాను. 25 మీటర్లు. నా దృష్టిలో ఎంపిక మొదలవ్వాల్సింది అక్కడే.

లెక్క చాలా తేలిక. వాక్యం చెప్పే మనిషి నడుము నుంచి తల దాకా కనిపించాలంటే చట్రం (కెమెరాలో పడే దృశ్యం) వెడల్పు దాదాపు 2 మీటర్లు ఉండాలి. 25ను 2తో భాగిస్తే 12.5. సెన్సర్ వెడల్పును ఈ అంకెతో గుణిస్తే కావలసిన ఫోకల్ లెంగ్త్ (లెన్సు దూరాన్ని ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే కొలత) వస్తుంది. గోడకు బిగించే కెమెరాలు చాలావాటిలో ఉండే 1/2.8 అంగుళాల సెన్సర్ వెడల్పు 5.4 మిల్లీమీటర్ల చిల్లర, కాబట్టి 68 మిల్లీమీటర్ల లెన్సు కావాలి. ఈ తరగతిలో 12 రెట్ల జూమ్ ఉన్నవి సాధారణంగా 50 మిల్లీమీటర్ల లోపే ఆగిపోతాయి, 20 రెట్లవి 85 దాటి వెళతాయి. అదే 36 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్‌కైతే 450 మిల్లీమీటర్ల లెన్సు పెట్టాలి. ఆ లెన్సు బరువు, ధర చెప్పగానే తమ్ముడి వాదన సగం చల్లారింది.

మిగతా సగాన్ని చల్లార్చింది ఆరాధన నిడివి. ఫోటోల కోసం తయారైన కెమెరాల్లో పాతవి చాలా వరకు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి. అరగంట, అంతకు మించి రికార్డు చేసేదాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి ఐరోపా సమాఖ్య ఎక్కువ సుంకం వేసేది. దాన్ని తప్పించుకోవడానికి తయారీదారులు పెట్టుకున్న హద్దు అది. కొత్త వాటిలో ఈ హద్దు లేకపోయినా వేడెక్కి ఆగిపోయేవి ఉన్నాయి. పైగా, తెర మీది గుర్తులేవీ లేకుండా శుభ్రమైన బొమ్మను హెచ్‌డీఎమ్ఐలో బయటికి ఇస్తుందా, బ్యాటరీ బదులు నేరుగా కరెంటుతో నడుస్తుందా అన్నవి విడిగా చూసుకోవాలి. మిర్రర్‌లెస్ పనికిరాదని నేను అనను. గాయక బృందానికి నాలుగైదు మీటర్ల దూరంలో పెడితే దాని బొమ్మకు సాటి లేదు. వెనుక గోడ మాత్రం దాని చోటు కాదు.

ఇక మిగిలినవి రెండు: మనిషి చేత్తో నడిపే వీడియో కెమెరా అయిన క్యామ్‌కార్డర్, లేదా దూరం నుంచే తిప్పగలిగే పీటీజెడ్ కెమెరా. ఇక్కడ నేను ఎక్కువ కాలం తీసుకున్నాను, ఎందుకంటే ఇది యంత్రాల తేడా కాదు, మనుషుల తేడా. క్యామ్‌కార్డర్‌లో జూమ్ మెత్తగా కదులుతుంది, మంచి ట్రైపాడ్ మీద అలవాటైన చెయ్యి తిప్పితే కళ్లకు హాయిగా ఉంటుంది. కానీ ఒక్కో కెమెరాకు ఒక మనిషి ఆరాధనంతా నిలబడాలి. మా దగ్గర ఉన్నది వంతులవారీగా వచ్చే యవ్వనస్థులు, వాళ్లలో సగం మంది పాటల బృందంలోనూ ఉన్నారు. పీటీజెడ్‌లో ప్రసంగ వేదిక, ప్రభు బల్ల, గాయకులు, బాప్తిస్మపు తొట్టి అంటూ చోట్లను ముందే గుర్తుపెట్టించి ఒక్క బటన్‌తో పిలవవచ్చు. ఒక్కరే రెండు కెమెరాలు చూసుకోగలరు. కాకపోతే తిరుగుతున్నంతసేపూ దాని బొమ్మ చూడటానికి బాగుండదు. చవకవాటిలో మరీ కుదుపు. అందుకే ఒకటి తిరుగుతుంటే రెండోది ప్రసారంలో ఉండాలి. ఒక్క పీటీజెడ్ మాత్రమే కొంటామంటే వద్దనే చెబుతాను.

మనిషిని దానంతటదే వెంబడించే సౌకర్యం గురించి అమ్మేవాళ్లు ఊదరగొడతారు. పరీక్షకు తెచ్చిన కెమెరా పాస్టర్‌గారిని వదిలేసి, నీళ్ల గ్లాసు పెట్టి వెళుతున్న సోదరుడి వెంట వెళ్లిపోయింది. దాన్ని ఆపేశాం.

కొనేముందు పరీక్షకు అడిగి తెచ్చుకోవడం తప్పనిసరి. అదీ ఖాళీ మందిరంలో కాదు, ఆరాధన జరుగుతుండగానే చూడాలి. జూమ్ పూర్తిగా లాగినప్పుడు చాలా లెన్సుల్లో వెలుతురు తగ్గిపోతుంది. వెడల్పు చట్రంలో ఎఫ్/1.8 ఉన్నది చివరికి ఎఫ్/2.8కో, అంతకంటే కిందికో దిగుతుంది (ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది), బొమ్మలో గరుకుతనం తేలుతుంది. వేదిక వెనుక తెర మీద తెల్లటి స్లయిడ్ పడగానే, వెలుతురును తానే సరిచేసే ఆటో ఎక్స్‌పోజర్ ముఖాన్ని చీకటి చేస్తుంది. పెద్దావిడ చెప్పిన ముఖం కథకు దాదాపు ఇదే కారణం. చొక్కా తెలుపు కూడా కొంత తోడైంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగు సరిచేయడం) రెండూ చేత్తో పెట్టుకునే వీలున్నదే తీసుకోవాలి. వేదిక దగ్గర తెల్ల కాగితం పట్టించి రెండు కెమెరాలకూ ఒకేసారి రంగు సరిచేస్తే, మారినప్పుడల్లా ఒకే మనిషి ఎర్రగా ఒకసారి, పాలిపోయి ఒకసారి కనిపించడు. దీపాల వల్ల గీతలు కదులుతుంటే షట్టర్ వేగం (ఒక్కో బొమ్మకు వెలుతురు పట్టే సమయం, సెకన్లలో) కరెంటుకు తగినట్టు పెట్టాలి: 50 హెర్ట్జ్ అయితే 1/50, 60 హెర్ట్జ్ అయితే 1/60.

4కే వాదన ఇంటర్నెట్ వేగం దగ్గర ఆగింది. మేము ప్రసారం చేసేది 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ బొమ్మ, సెకనుకు 6 మెగాబిట్లతో. అప్‌లోడ్ దానికి రెట్టింపు ఉంటే గానీ ధైర్యం రాదు, అదీ వైఫై కాకుండా తీగ మీద. చూసేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నది చిన్న ఫోను తెర. ఆ డబ్బు లెన్సుకు, కేబుళ్లకు వెళ్లింది.

కేబుళ్ల ఖర్చును ఎవరూ ముందు లెక్కలో వేయరు. మామూలు హెచ్‌డీఎమ్ఐ తీగ పది పదిహేను మీటర్లు దాటితే నమ్మలేం. ఎస్‌డీఐ (వృత్తి వీడియో పరికరాలు వాడే తీగ పద్ధతి) మంచి తీగ మీద 1080పీ బొమ్మను 100 మీటర్ల దగ్గర్లో దాకా మోస్తుంది, కొస బిగించుకుంటుంది కాబట్టి ఎవరి కాలు తగిలినా ఊడదు. ఎన్‌డీఐ (నెట్‌వర్క్ మీద బొమ్మను పంపే పద్ధతి) ఉన్న కెమెరాలలో బొమ్మ, అదుపు, కరెంటు మూడూ ఒక్క నెట్‌వర్క్ తీగలో వెళ్లగలవు. అయితే నెట్‌వర్క్ స్విచ్ (ఆ తీగలు కలిసే పెట్టె) కూడా దానికి తగ్గది కావాలి. మేము బొమ్మకు ఎస్‌డీఐ, అదుపుకు నెట్‌వర్క్ తీగ లాగాం. ఏది తెగిందో పట్టుకోవడం మా యవ్వనస్థులకు సులువని.

శబ్దం నా సొంత ఇలాకా కాబట్టి ఒక మాట. మిక్సర్ నుంచి వచ్చే శబ్దం వెంటనే వస్తుంది, బొమ్మ కెమెరాలోనూ స్విచర్‌లోనూ (ఏ కెమెరా బొమ్మ ప్రసారం కావాలో మార్చే పెట్టె) నలిగి ఆలస్యంగా వస్తుంది. వేదిక మీద ఒకరిని చప్పట్లు కొట్టించి, చెయ్యి కలిసే క్షణానికి చప్పుడు కలిసేదాకా శబ్దాన్ని ఆలస్యం చేయాలి. మిక్సర్ శబ్దం ఒక్కటే పంపితే పాడుతున్నది నలుగురే అనిపిస్తుంది. సంఘమంతా పాడేది వినిపించడానికి పైన రెండు మైకులు వేరుగా కట్టాం.

చివరికి 20 రెట్ల జూమ్ ఉన్న పీటీజెడ్‌లు రెండు తీసుకున్నాం, ఒకటి వెనుక మధ్యలో, మరొకటి పక్క గోడకు. పిల్లలు కూర్చునే వరుసలు ఏ గుర్తుపెట్టిన చట్రంలోనూ పడకుండా చూశాం. బాప్తిస్మం తీసుకునేవాళ్లను ముందే అడిగి, వద్దన్నవాళ్ల వంతు వచ్చినప్పుడు వేదిక చట్రం మీదే ఉంటాం. గాయకుల మూలకు మూడో కెమెరా అడుగుతున్నారు. అక్కడ వెలుతురు చాలదు, ముందు రెండు దీపాలు వేయించమని పెద్దలకు రాసి ఇచ్చాను.