పచ్చి తోలుతో పగ్గం అల్లిన నా తిప్పలు

మలక్‌పేటలో ఉండే మా బావకు ఒక తెల్ల గుర్రం ఉంది. పెళ్లి బరాత్‌లకు తిప్పుతాడు. నైలాన్ పగ్గం అరచేతులు కోసేస్తోందని గొణుగుతుంటే, తోలుతో నేను అల్లి ఇస్తానులే అని నోరు జారాను. అప్పటిదాకా నాకు వచ్చిందల్లా మా పాపకు నాలుగు పాయల జడ వేయడమే.

బజార్లో దొరికే మెత్తటి తోలు ఊనినది, అంటే కుళ్లకుండా పదును చేసినది. నేను పట్టుబట్టింది పచ్చి తోలు కోసం. సున్నంలో నానబెట్టి, వెంట్రుక తీసి, సాగదీసి ఎండబెట్టడమే తప్ప దాన్ని ఊనరు. మెక్సికో, అర్జెంటీనా పశువుల కాపరులు పగ్గాలు అల్లేది దీంతోనే. మన డప్పు మీద ఉండేదీ పచ్చి తోలే. కుక్కలు నమలడానికి షాపుల్లో అమ్మే బొమికలూ అవే. (ఆ ముక్క ముందే గుర్తుండుంటే మొదటి పగ్గాన్ని రాత్రి వరండాలో వదిలేవాణ్ణి కాదు.)

డప్పులు కట్టే తాత ఒకాయన దున్న తోలు ఇచ్చాడు. అడుగు వెడల్పు గుండ్రటి ముక్కను అంచు నుంచి లోపలికి చుట్టూ కోసుకుంటూ పోతే, పావు అంగుళం వెడల్పు వారు (తోలు పట్టీ) 30 అడుగులకు పైనే వస్తుంది. 8 అడుగుల పగ్గానికి 12 అడుగుల పాయలు నాలుగు కావాలి. మిగతాదంతా అల్లికలోనే కలిసిపోతుంది. వారు అంచులు కత్తితో వాలుగా చెక్కడానికే రెండు ఆదివారాలు పట్టాయి.

అసలు తంటా తడి దగ్గర. మే నెలలో మొదలుపెట్టాను. పావుగంటకే వారు కట్టెలా బిగుసుకుని, వంచితే చిట్లింది. కుక్క ఎత్తుకుపోయింది అదే, పోతే పోయింది. రెండోసారి కసితో బాగా నానబెట్టి, గట్టిగా లాగి, అందంగా అల్లాను. రెండు రోజులకు పాయల మధ్య వేలిగోరు దూరేంత సందులు! తాత చూసి నవ్వాడు.

"డప్పు కాస్తే ఏమైతది బిడ్డా? తడి పోయి బిగుస్తది. గిది గూడ గంతే. నీళ్లుంటే ఉబ్బుతది, ఎండితే సన్నబడ్తది."

ఆయన చెప్పినట్టే రాత్రంతా నానబెట్టి, నీరు తుడిచి, తడిగుడ్డలో చుట్టి మరో పూట ఉంచాను. పైకి పొడిగా కనిపించాలి, చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి. అప్పుడు సబ్బు రాసి అల్లితే పాయలు జారుతూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అల్లాక చెక్క కింద దొర్లిస్తే గుండ్రబడుతుంది.

ఈలోగా ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు కాబట్టి బావ తొందరపెట్టలేదు కానీ, ముసురుకు పగ్గం ఎంతకీ ఎండలేదు. పదకొండు రోజులు ఫ్యాను కింద వేలాడదీశాను. తర్వాత కొవ్వు పట్టించాను.

శ్రావణంలో మొదటి బరాత్‌కు బావ దాన్నే కట్టాడు. వానొస్తే మాత్రం విప్పేసి నైలాన్‌ది వేస్తున్నాడు, తడిస్తే మళ్లీ మెత్తబడుతుంది కదా.